ఉన్నట్టే అమ్మాలా, విప్పి అమ్మాలా? మార్పులు చేసిన కార్ల సంగతి

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇప్పుడు పోలో జీటీలు, ఆక్టేవియా ఆర్‌ఎస్‌లు, అబార్త్ పుంటోలు చేతులు మారుతున్నాయి. వాటిలో చాలావాటికి ఇంజిన్ మ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్), సైలెన్సర్, స్ప్రింగులు, చక్రాలు ఎప్పుడో మారిపోయి ఉంటాయి. అమ్మకానికి పెట్టే ముందు ఓనర్లు షెడ్డుకొచ్చి అడిగే మాట ఒక్కటే: "అన్నా, మూడు లక్షలు పెట్టి చేయించిన. గట్లనే అమ్మాల్నా, ఒరిజినల్ చేసి అమ్మాల్నా?"

ఒరిజినల్ సామాన్లు ఇంట్లో భద్రంగా ఉంటే పూర్తిగా విప్పి, ఫ్యాక్టరీ ఇచ్చినట్టు చేసి అమ్మండి. అవి పాత ఇనుముకు పోయి ఉంటే, బండి మీద ఏమేం మారిందో కాగితం మీద రాసి, సంగతి తెలిసిన మనిషికి ఉన్నట్టే అమ్మండి. సగం విప్పి సగం ఉంచిన బండిని మాత్రం ఎవరికీ అమ్మొద్దు. మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది ఆ మూడోదే. అందుకే ఈ ఉత్తరం.

ముందు డబ్బు సంగతి. ఆరు లక్షలు పలికే కారు మీద మూడు లక్షల సామాను వేసినంత మాత్రాన బేరం తొమ్మిది దగ్గర మొదలు కాదు. కొనేవాడికి కనిపించేది సామాను కాదు, ఈ ఇంజిన్‌ను ఎంత బాదారో అన్న అనుమానం. ఆరు లక్షల కారుకు అయిదున్నర అడిగిపోయేది అందుకే. అదే కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే స్ప్రింగు షాకర్లు), అల్లాయ్ చక్రాలు, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) విడిగా పెడితే వాటికోసం వెతికేవాళ్లు హైదరాబాద్‌లో ఎప్పుడూ ఉంటారు. మ్యాప్‌కు, దాని కూలికి పెట్టిన డబ్బు మాత్రం పోయినట్టే, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. విడిగా అమ్మితే వచ్చేదాంట్లోంచి విప్పే కూలి, కొత్త గ్యాస్కెట్లు, బోల్టులు, వీల్ అలైన్‌మెంట్ ఖర్చు తీసేయండి. మిగిలింది, ఉన్నట్టే అమ్మితే తగ్గే ధరతో పోల్చండి. ఒరిజినల్ సామాన్లు ఉన్నవాళ్లకు ఈ లెక్క దాదాపు ఎప్పుడూ విప్పడం వైపే మొగ్గుతుంది. లేనివాళ్లు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాటలిస్టు) ఉన్న కొత్త డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే పైపు) ధర అడిగి చూడండి. ఆ ఒక్క ముక్కతో ఖర్చు తడిసి మోపెడవుతుంది.

రెండోది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అలాంటి బండిని అమ్మే డీలర్‌కు శిక్ష ఇంకా పెద్దది, బండికి లక్ష రూపాయల జరిమానా ఉంటుంది. డీలర్ మార్చిన బండిని చూడగానే ధర విరిచేది ఊరికే కాదు. మార్చిన సైలెన్సర్, అద్దాల నల్ల సన్‌ఫిల్మ్, క్రాష్ గార్డు, ఎక్కువ వాట్ల హెడ్‌లైట్లు, ఫ్యాన్సీ నంబర్ ప్లేటు ఎవరికి అమ్మినా ముందు దిగిపోవాల్సినవే, తీసేసిన క్యాటలిస్టు తిరిగి ఎక్కాల్సిందే. రంగు మార్చి ఉంటే ఆర్‌సీలో ఉన్న రంగుతో సరిపోవాలి. స్టిక్కర్ చుట్టి ఉంటే పీకేయండి, కానీ మధ్యాహ్నం ఎండలో కాదు. నీడలో హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, ఒక మూల నుంచి బండికి ఆనేట్టు వెనక్కి మడుస్తూ మెల్లగా లాగాలి. ఎగదీసి లాగితే, ఒకసారి డెంటింగ్ పెయింటింగ్ అయిన చోట రంగు కూడా లేచి వస్తుంది.

ఇక సగం విప్పడం ఎందుకు చేటో చెప్పాలి. స్టేజ్ టూ అంటే పెద్ద డౌన్‌పైప్, దానికి సరిపడా మ్యాప్. మ్యాప్ రాసినవాడు ఎగ్జాస్ట్‌కు అడ్డు తక్కువని లెక్కేసి బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచుతాడు, క్యాటలిస్టు తర్వాత ఉండే రెండో ఆక్సిజన్ సెన్సర్ చెప్పే మాటను కంప్యూటర్ పట్టించుకోకుండా చేస్తాడు. ఓనర్ అమ్మే ముందు చప్పుడు తగ్గుతుందని ఫ్యాక్టరీ పైపు బిగించి, మ్యాప్ అలాగే వదిలేశాడనుకోండి. ఇరుకు పైపు మీద ఆ బూస్ట్ కోసం టర్బో అతిగా తిరుగుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, క్యాటలిస్టు లోపలి పింగాణీ తేనెపట్టు కరిగి ముక్కలవుతుంది. కొన్నవాడికి కొన్ని నెలలకు బండి లాగడం మానేస్తుంది, ఎందుకో అర్థం కాదు. తలకిందులుగా చేసినా తంటాయే. ఫ్యాక్టరీ మ్యాప్ వేసి పెద్ద పైపు ఉంచేస్తే క్యాటలిస్టు పనిచేయడం లేదని చెప్పే పీ0420 కోడ్‌తో ఇంజిన్ లైటు వెలుగుతుంది. క్యాటలిస్టు లేని పెట్రోలు బండి పొల్యూషన్ పరీక్షలో కూడా నిలవదు. బీఎస్ 4 పెట్రోలు కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ హద్దు 0.3 శాతం మాత్రమే. పైపు, మ్యాప్, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ నాలుగూ ఒకే రోజు, ఒకే షెడ్డులో, ఒకేసారి మారాలి.

విప్పే ముందు ఇంజిన్ ఆరోగ్యం చూసుకోవాలి. ఇంజిన్ పోయి ఉంటే విప్పి అమ్మడం, ఉన్నట్టే అమ్మడం అన్న చర్చే అక్కర్లేదు. కంప్రెషన్ పరీక్ష ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే చేయాలి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లు ఊడదీసి, అన్ని ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు అయిదారు చుట్లు తిప్పాలి. టర్బో పెట్రోలు ఇంజిన్‌లో మామూలుగా 10 నుంచి 13 బార్ చూపిస్తుంది. అంకె కన్నా ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా. అది 10 శాతం లోపు ఉంటే బేఫికర్, 15 దాటితే కారణం వెతకాలి. తక్కువ చూపించిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో.

ఆ ప్లగ్గులను పారేయకుండా వరసగా పేర్చి భూతద్దంతో చూడండి. తెల్లని పింగాణీ మీద మిరియం పొడి చల్లినట్టు చిన్న చిన్న మెరిసే చుక్కలుంటే అవి పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం. ఇంజిన్ నాక్ అయిందని, అంటే లోపల పెట్రోలు అదుపు తప్పి పేలిందని అర్థం. మన ఎండలకు, 44 డిగ్రీల మధ్యాహ్నం మిర్యాలగూడ రోడ్డు మీద ఏసీ వేసుకుని తొక్కితే ఇంటేక్ గాలి కుతకుతలాడుతుంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకని రాసిన మ్యాప్‌తో మామూలు పెట్రోలు పోసి నడిపితే నాక్ రాక ఏం చేస్తుంది? చుక్కలు కనిపిస్తే బోరోస్కోప్ కెమెరా దింపి పిస్టన్ తల చూడాలి. ఆ పని అయ్యేదాకా బండికి ధర చెప్పొద్దు.

మ్యాప్ వెనక్కి తిప్పేటప్పుడు ఆ బండి నుంచే ముందు చదివి దాచిన ఫైలే వేయాలి. మ్యాప్ చేసినవాళ్ల దగ్గర అది ఉండాలి, అడిగి తీసుకోండి. అదే మోడల్ కదా అని ఇంకో బండి ఫైలు ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ నంబరు, గేర్‌బాక్స్ కోడింగ్ పొసగక ఒక్కోసారి స్టార్ట్ కూడా కాదు. ఫ్లాష్ (మ్యాప్ ఎక్కించడం) జరిగేంతసేపు బ్యాటరీకి 13 వోల్ట్‌ల స్థిరమైన సప్లై పెట్టాలి. లైట్లు, ఏసీ, స్టీరియో బంద్. మధ్యలో కరెంటు పడిపోతే కంప్యూటర్ మొద్దుబారిపోతుంది, తర్వాత దాన్ని విప్పి బల్ల మీద బతికించాలి. గేర్‌బాక్స్‌కు కూడా మ్యాప్ వేసి ఉంటే దాన్నీ అదే పూట వెనక్కి తిప్పాలి. ఎగ్జాస్ట్ వైపు టర్బో గ్యాస్కెట్టు, క్లాంపు, నట్లు కొత్తవి వేయండి. స్టేజ్ టూకు వేసిన చల్లని రకం ప్లగ్గులు ఫ్యాక్టరీ మ్యాప్‌లో మసి పట్టి మిస్‌ఫైర్ ఇస్తాయి, మాన్యువల్ చెప్పిన రకం, చెప్పిన గ్యాప్ వేయాలి. నూనె పూసిన కాటన్ ఫిల్టర్ తీసినప్పుడు గాలి కొలిచే మాఫ్ సెన్సర్‌ను దానికోసమే అమ్మే స్ప్రేతో కడగాలి. వేలితో గానీ గుడ్డతో గానీ ముట్టుకోవద్దు, లోపలి తీగె వెంట్రుకంత.

కోడ్‌లు చెరిపేసి ఆ సాయంత్రమే కొనేవాణ్ని పిలవొద్దు. కోడ్ చెరిపితే కంప్యూటర్ స్వయంగా చేసుకునే పరీక్షలన్నీ సున్నాకు వెళ్తాయి. తెలిసిన కొనుగోలుదారు బండి కంప్యూటర్‌ను చదివే చిన్న ఓబీడీ స్కానర్ పెట్టి 'పరీక్షలు పూర్తి కాలేదు' అని చూడగానే ఏదో దాస్తున్నారని లేచిపోతాడు. రాత్రంతా ఆపిన బండిని పొద్దున స్టార్ట్ చేసి మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, పది నిమిషాలు ఊళ్లో తిప్పి, ఆ తర్వాత నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట వైపో, జడ్చర్ల నుంచి కొత్తకోట వైపో హైవే మీద 80, 90 వేగంలో ఇరవై నిమిషాలు నిలకడగా నడపాలి. మధ్యలో రెండు మూడుసార్లు బ్రేకు తొక్కకుండా గేర్‌లోనే వేగం తగ్గనివ్వాలి. రెండు మూడు రోజులు ఇలా నడిపితే పరీక్షలు పూర్తవుతాయి. ఏ లోపమూ మిగలకుంటే ఇంజిన్ లైటు రాదు. పీ0299 (బూస్ట్ తక్కువ) వస్తే బూస్ట్ గొట్టం క్లాంపు సరిగా కూర్చోలేదని ముందు అనుమానించండి. పీ0171 (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) వస్తే ఫిల్టర్ తర్వాత ఎక్కడో గాలి లీకు, లేదా మాఫ్ సెన్సర్ మురికి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మ్యాప్ వెనక్కి తిప్పినా చాలా కార్లలో ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారన్న లెక్క కంప్యూటర్‌లో మిగిలే ఉంటుంది, కంపెనీ సర్వీస్ సెంటర్ చూడగలదు. కాబట్టి ఒరిజినల్ చేసి అమ్మడమంటే దాచి అమ్మడం కాదు. 'ఇన్ని కిలోమీటర్లు మ్యాప్‌తో నడిచింది, ఫలానా తేదీన తీసేశాం' అని కొనేవాడికి చెప్పే తీరాలి.

గేర్‌బాక్స్ విషయంలో ఈ మాటకు ఇంకా బరువుంది. పాత పోలో జీటీ టీఎస్‌ఐ 1.2 ఇంజిన్ 175 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, దాని ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 250 దాకా మోస్తుంది. చిన్న మ్యాప్‌కు అక్కడ జాగా ఉంది. ఆక్టేవియా ఆర్‌ఎస్ 230లో ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచే 350 ఇస్తుంది, దాని ఆరు గేర్ల తడి క్లచ్ డీఎస్‌జీ హద్దు కూడా దాదాపు అంతే. అక్కడ స్టేజ్ వన్ (పైపు మార్చకుండా మ్యాప్ ఒక్కటే) వేసినా గేర్‌బాక్స్ హద్దు దాటినట్టే. మ్యాప్‌తో చాలాకాలం నడిచిన ఆర్‌ఎస్ అమ్ముతుంటే 60,000 కిలోమీటర్లకు మార్చాల్సిన గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ బిల్లులు చూపించాలి. మాన్యువల్ బండి క్లచ్‌ను ఖాళీ రోడ్డు మీద పై గేర్‌లో 50, 60 వేగంలో పూర్తిగా తొక్కి చూడండి. ఆర్‌పీఎం లేచి వేగం లేవకపోతే క్లచ్ జారుతోంది.

ఎక్కువమంది తప్పు చేసేది సస్పెన్షన్ దగ్గర. బండిని కిందికి దింపిన స్ప్రింగులు విప్పి పాత స్ట్రట్లు (స్ప్రింగు కూర్చునే షాకర్లు) బిగించడం జాకీ మీద గంట పనిలా కనిపిస్తుంది. కాయిలోవర్ మరల్లో మన ఎర్రమట్టి, సున్నపు దుమ్ము పట్టి బిగుసుకుపోతాయి. ముందు రోజే బ్రష్‌తో దులిపి తుప్పు వదిలే నూనె కొట్టి పెట్టాలి. ఫ్యాక్టరీ స్ట్రట్ మూడేళ్లు అటక మీద అడ్డంగా పడుకుని ఉంటే, నిలబెట్టి రాడ్డును పది సార్లు నొక్కి వదిలి చూడండి. మధ్యలో ఎక్కడైనా తేలిగ్గా జారితే గ్యాసు పోయింది, అది వద్దు. టాప్ మౌంటు, బేరింగు, బంప్ స్టాపులు కొత్తవే వేయాలి. అసలు రహస్యం లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల్లో ఉంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆ బోల్టులను పూర్తిగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టుకుంటుంది. బండి కిందికి దిగాక రోజంతా మెలితిరిగే ఉంటుంది. నాలుగైదు నెలల్లో చిరిగి, గుంత తగిలినప్పుడల్లా టక్కుమంటుంది. బోల్టులు చేతి బిగువు దాకా తిప్పి, బండిని ర్యాంపు మీద నాలుగు చక్రాలపై నిలబెట్టి, అప్పుడే టార్క్ రెంచ్‌తో బిగించాలి. తర్వాత అలైన్‌మెంట్ చేయించి ప్రింటు దాచుకోండి. కొనేవాడికి మాటకన్నా ఆ ప్రింటు నమ్మకమిస్తుంది. టైర్లు లోపలి అంచు అరిగి ఉంటే బండి కిందికి ఉన్నప్పుడు క్యాంబర్ (చక్రం వాలు) తప్పిందని ఎవరికైనా తెలుస్తుంది, అవి మార్చే అమ్మాలి.

చక్రాలు వెనక్కి వేసేటప్పుడు బోల్టుల సంగతి చూసుకోండి. బయటి అల్లాయ్‌లకు వాడే కోన్ తల బోల్టులు ఫోక్స్‌వ్యాగన్, స్కోడా ఫ్యాక్టరీ చక్రాల గుండ్రటి గూటిలో సరిగా కూర్చోవు. 120 న్యూటన్ మీటర్లు బిగించినా వదులవుతాయి. బోల్టులు కూడా ఒరిజినల్‌వే కావాలి.

వైరింగ్ మాత్రం అందరూ వదిలేసి ప్రాణాల మీదికి తెచ్చుకునే విషయం. హెచ్4 బల్బు అంటే 60/55 వాట్లు. దాని జాగాలో 100/90 వేసిన బండి హోల్డర్ విప్పి చూస్తే ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, తీగె మీది పూత పెళుసై చిట్లుతుంది. బల్బు మాత్రం మార్చి ఆ హోల్డర్ వదిలేస్తే కొనేవాడికి మంట అమ్మినట్టే. యాంప్లిఫయర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా లాగిన ఎర్ర తీగెకు బ్యాటరీ పక్కనే, జానెడు రెండు జానల లోపు ఫ్యూజు ఉండాలి. లేని బండ్లు బోలెడు. ఆ తీగె డాష్ వెనక ఇనుప అంచుకు రాసుకుంటే ఆపడానికి ఏమీ లేదు. ఆంప్ తీసేసినప్పుడు తీగెను బ్యాటరీ వైపు నుంచే ఊడదీసి మొత్తం లాగేయండి. టేపు చుట్టి కార్పెట్ కింద దాచొద్దు. చెప్పకుండా చేసిన వైరింగ్ వల్ల మంటొస్తే బీమా కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చవచ్చు. నష్టపోయేది కొన్న మనిషి.

నల్గొండ బోరు నీళ్ల సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. రేడియేటర్‌లో ఒక్క వేసవి ఆ నీళ్లు పోస్తే ట్యూబుల్లో తెల్లగా గార కడుతుంది. మామూలు బండి ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, బూస్ట్ పెంచిన బండికి అది యముడే. అమ్మే ముందు రిజర్వాయర్ మూత తీసి చూడండి. సున్నం చారలుంటే ఫ్లష్ చేసి, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోసి, గాలి పూర్తిగా తీసి, ఫ్యాను ఎప్పుడు తిరుగుతోందో గమనించండి.

కొన్ని మార్పులు విప్పక్కర్లేదు. మంచి బ్రేక్ ప్యాడ్లు, కంపెనీ అనుమతించిన సైజులో మంచి టైర్లు, సరిగ్గా ఫ్యూజు వేసి కట్టిన స్టీరియో, సిలికాన్ కూలెంట్ గొట్టాలు అలాగే ఉండనివ్వండి. తీస్తే చేతికొచ్చేది తక్కువ, ఉంచితే బండి మేలు.

ఇక ఒరిజినల్ సామాన్లు లేనివాళ్లు, ఉన్నట్టే అమ్మాలనుకునేవాళ్లు కొనేవాణ్ని చూసి అమ్మాలి. నెలకోసారి సర్వీస్ సెంటర్‌కు వెళ్లి బిల్లు కట్టి వచ్చే మనిషికి, మొదటిసారి కారు కొనే పిల్లగాడికి స్టేజ్ టూ బండి అంటగట్టడం పాపం. అలాంటి బండి తీసుకునేవాడు సొంతంగా కంప్రెషన్ అంకెలు అడుగుతాడు, మ్యాప్ ఎవరు రాశారని, ఏ పెట్రోలు మీద రాశారని అడుగుతాడు. ఆ ప్రశ్నలు అడగనివాడికి ఈ బండి వద్దని చెప్పండి. అడిగినవాడికి ఒక కాగితం ఇవ్వండి. అందులో ప్రతి మార్పు, అది వేసిన తేదీ, కిలోమీటర్లు, వాడిన పెట్రోలు, బిల్లులు, కంప్రెషన్ అంకెలు ఉండాలి. ఆర్‌సీలో నమోదు కాని మార్పులివీ, ఇవి చట్టం ఒప్పుకోనివని కూడా స్పష్టంగా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ కాగితం మార్పును చట్టబద్ధం చేయదు, మోసపోయానన్న మాట మాత్రం రానివ్వదు. సైలెన్సర్, క్యాటలిస్టు విషయంలో అప్పటికీ మా సలహా మారదు. అప్పోసొప్పో చేసి అయినా అవి ఫ్యాక్టరీవి వేసి, మ్యాప్ కూడా వెనక్కి తిప్పే ఇవ్వండి.

కాగితాల దగ్గర ఆలస్యం అసలే వద్దు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు ఆర్‌టీఏకు తెలపాలి, ఫారం 29 మీద అమ్మినవాళ్లు, ఫారం 30 మీద ఇద్దరూ సంతకాలు చేయాలి. రాయచూరు, కర్నూలు వైపు పోతే 45 రోజుల గడువుంటుంది, ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి. లోను తీరి ఉంటే ఆర్‌సీలోంచి లోను తీసేయించే ఫారం 35 ముందు వేయించుకోండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి 'తర్వాత చేసుకుంటాడులే' అని తాళాలు ఇచ్చేయడం మన దగ్గర అలవాటు. 2018లో సుప్రీంకోర్టు తేల్చింది: ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాద నష్టపరిహారానికి వారే బాధ్యులు. మార్చిన బండి మీద చలాన్లూ ఆ పేరు మీదికే వస్తాయి. బీమా కూడా కొన్నవాళ్లు 14 రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, అమ్మినవాళ్లది. దానికి బీమా కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త బండికి వాడుకోవచ్చు. తాళాలు ఇచ్చేటప్పుడు డెలివరీ నోటు మీద తేదీతో పాటు గంట, నిమిషం, మీటర్ రీడింగ్ కూడా రాయించండి.

— మోటారు మెకానిక్కులం, నల్గొండ